కొండవాలు బస్తీల్లో మంచి తిండి అందుబాటును ఎలా అంచనా వేయాలి? రైతుబజారు అడగడం సరైనదేనా? (విజయవాడ)

ప్రశ్న: కొండమెట్లు

నమస్కారం. విజయవాడ వన్‌టౌన్ వెనుక, చిట్టినగర్ నుంచి విద్యాధరపురం వైపు కొండవాలులో కట్టుకున్న ఇళ్ళ మధ్య పనిచేసే పొదుపు సంఘాల సమాఖ్యకు నేను లెక్కలు రాసిపెడుతుంటాను. ఈ మధ్య సమావేశాల్లో ఒక విషయం పదేపదే చర్చకు వస్తోంది. ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకున్న ఆడవాళ్ళలో చాలామందికి రక్తం తక్కువగా ఉందని చెబుతున్నారు. అవే ఇళ్ళలో నలభై దాటినవారికి షుగరు, బీపీ మందులు నడుస్తున్నాయి. తిండి లేక ఇలా అవుతోందని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తున్నాయి, అన్నానికి లోటు లేదు. అన్నంలోకి ఏముందన్నదే మా బాధ.

కొండ దిగువన ఒక రైతుబజారు పెట్టించమని నగరపాలక సంస్థకు వినతిపత్రం ఇవ్వాలన్నది సమాఖ్యలో ఎక్కువమంది అభిప్రాయం. నాకు మాత్రం సందేహంగా ఉంది. కాళేశ్వరరావు మార్కెట్టు మ్యాపులో చూస్తే మాకు పెద్ద దూరమేమీ కాదు, అక్కడ దొరకని కూరగాయ అంటూ లేదు. అయినా పై వరుసల ఇళ్ళలో వారానికి రెండుసార్లు ఆకుకూర వండుకునేవారు అరుదు. కిలోమీటర్లలో కొలిస్తే మాకు అసలు సమస్యే లేనట్టు కనిపిస్తుంది. కానీ పైకి ఆటో రాదు, తోపుడు బండి రాదు, గ్యాస్ బండ మోసుకొచ్చిన మనిషికి విడిగా డబ్బులు ఇచ్చుకోవాలి, తాగునీళ్ళ క్యాను చేర్చాలన్నా అంతే. చంకన పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆ మెట్లెక్కే మనిషి రెండో చేతిలో ఎన్ని కిలోల కూరగాయలు పట్టుకురాగలదో మీరే ఊహించండి.

మా వరుసలో ఉన్న చిల్లర కొట్టు ఎలా ఉంటుందో చెబితే పరిస్థితి అర్థమవుతుంది. గుమ్మానికి అడ్డంగా ఐదు రూపాయల చిప్సు ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. లోపల పది రూపాయల పొట్లాలుగా కట్టిన కందిపప్పు, చింతపండు, చిన్న నూనె ప్యాకెట్లు, అట్టల్లో కోడిగుడ్లు ఉంటాయి. ఒక గంపలో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పచ్చిమిర్చి, కాస్త మెత్తబడిన టమాటాలు. ఆకుకూర ఎప్పుడూ ఉండదు. పండు అంటే శుక్రవారం పూజకని తెచ్చే అరటిపండే.

నా ప్రశ్నలు రెండు. పెద్దగా డబ్బు, నిపుణులు లేని మాలాంటి సమాఖ్య ఈ పరిస్థితిని నమ్మదగిన విధంగా ఎలా కొలవగలదు? కొలిచాక అధికారులను ఏం అడిగితే ప్రయోజనం ఉంటుంది?

సమాధానం: పోషణ_గుంటూరు

మీ సందేహం సరైన చోటే ఉందండీ. నేను పోషకాహారం చదువుకుని, కొన్నాళ్ళు ఇటువంటి సర్వేల్లో పనిచేశాను కాబట్టి మొదటి ప్రశ్నకు వివరంగా సమాధానం ఇస్తాను.

మీ సమావేశంలో వచ్చిన మాట మీ కొండకే పరిమితమైనది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో 36.3 శాతం మంది ఆడవాళ్ళు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారని తేలింది. కడుపు నిండుతోంది, ఒంటికి కావలసినది అందడం లేదు అన్న మీ సమాఖ్య అనుభవమే ఈ రెండు అంకెల్లోనూ ఉంది.

ముందుగా రెండు విషయాలను విడదీసుకోవాలి. ఇంట్లో ఏం తింటున్నారన్నది ఒకటి, చుట్టుపక్కల ఏం దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుందన్నది మరొకటి. ఈ రెంటినీ కలిపేసి ‘మీకు మంచి కూరగాయలు దొరుకుతున్నాయా’ అని అడిగితే అందరూ దొరకడం లేదనే అంటారు, ఆ కాగితంతో మీకు ఒరిగేదేమీ ఉండదు.

మొదటిదానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రూపొందించిన ఆహార వైవిధ్య కొలత మీకు సరిపోతుంది. నిన్న తెల్లవారినప్పటి నుంచి ఈ రోజు తెల్లవారేదాకా ఒక స్త్రీ తిన్నవాటిని గుర్తుచేయించి, వాటిని పది వర్గాల్లో సర్దుతారు: ధాన్యాలు–దుంపలు, పప్పులు, వేరుశనగ, నువ్వుల వంటి గింజలు, పాల పదార్థాలు, మాంసం–చేపలు, గుడ్లు, ముదురు ఆకుపచ్చని ఆకుకూరలు, విటమిన్ ఎ ఎక్కువగా ఉండే కూరగాయలూ పండ్లూ, ఇతర కూరగాయలు, ఇతర పండ్లు. కనీసం ఐదు వర్గాలు తిన్నవారు ఎంతమంది అన్నదే లెక్క. ఇది సమూహానికి సంబంధించిన కొలత. ఒక్క రోజు తిండిని చూసి ఫలానా ఇల్లాలు సరిగా తినడం లేదని తీర్పు చెప్పడానికి దీన్ని వాడకూడదు, సమాఖ్య సభ్యులకు ఈ విషయం ముందే చెప్పి పెట్టండి.

వినడానికి సులువుగా ఉన్నా, మన ఇళ్ళ తిండికి వచ్చేసరికి చిక్కులన్నీ చిన్న విషయాల్లోనే ఉంటాయి. ఒక పదార్థం కనీసం 15 గ్రాములు, అంటే సుమారు ఒక పెద్ద చెంచాడు తింటేనే లెక్కలోకి వస్తుంది. టీలో పోసిన పాలు పాల వర్గంలోకి రావు. పోపులో వేసిన కరివేపాకు, పైన చల్లిన కొత్తిమీర ఆకుకూర కావు. అన్నంలో కలుపుకున్న ఆవకాయ కారంలాగే లెక్క, పండూ కాదు కూరగాయా కాదు. నీళ్ళలా పోసిన పప్పుచారులో పప్పు ఎంతుందో అడిగి తెలుసుకోవాలి. అన్నిటికన్నా తరచుగా తప్పు జరిగేది బంగాళాదుంప వేపుడు, అరటికాయ వేపుడు దగ్గర. మనం కూర అంటాం కాబట్టి సర్వే చేసేవారు కూరగాయల గడిలో టిక్కు పెట్టేస్తారు, కానీ అవి రెండూ ధాన్యాలు, దుంపల గడిలోకి వెళ్ళాలి. మీ కొట్టు గంపను మీరు వర్ణించిన తీరు చూస్తే, ఈ ఒక్క తప్పుతోనే మీ ఫలితం తారుమారయ్యే అవకాశం ఉంది.

ఏ రోజున అడుగుతున్నారన్నది కూడా ముఖ్యమే. సోమవారం అడిగితే ప్రతి ఇంట్లోనూ నిన్న కోడికూర తిన్నామనే చెబుతారు. వారంలో అన్ని రోజులూ వచ్చేలా ఇళ్ళను పంచుకోండి, నెల మొదట్లో సగం, చివర్లో సగం చేయండి. కార్తీకంలో చాలా ఇళ్ళలో నీసు మానేస్తారు, అయ్యప్ప మాల వేసుకున్నవారి ఇళ్ళలో వంటే మారిపోతుంది కాబట్టి ఆ నెల వద్దు. ఇళ్ళను ఎంచుకునేటప్పుడు సంఘంలో ఉన్నవారికే పరిమితం కావద్దు. కింది వరుసలు, మధ్య వరుసలు, పై వరుసలు అని మూడుగా విడదీసి, ప్రతి వరుసలోనూ ఇన్ని ఇళ్ళకు ఒక ఇల్లు చొప్పున తలుపు తట్టండి. ఏ సంఘంలోనూ చేరని, అద్దెకు వచ్చిపోయే కుటుంబాలే సాధారణంగా ఎక్కువ ఇబ్బందిలో ఉంటాయి.

డబ్బులేక భోజనం తగ్గించుకున్నారా, ఒక పూట మానేశారా అని అడిగే ఎనిమిది ప్రశ్నల పట్టిక కూడా అదే సంస్థది ఉంది. దాన్ని చేర్చదలిస్తే ఇల్లాలిని ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. అత్తగారి ముందో, పక్కింటివారి ముందో ‘మా ఇంట్లో ఒక పూట తినలేదు’ అని ఏ మనిషీ చెప్పదు.

ఇక రెండో భాగం, కొట్ల సర్వే. పన్నెండు, పదిహేను సరుకుల జాబితా ఒకటి రాసుకుని, అవే సరుకులను పై కొట్టులో, కొండ మొదట్లో ఆగే బండి దగ్గర, పెద్ద మార్కెట్టులో చూడండి. ఉదయం ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి వెళ్ళండి. ధరతోపాటు సరుకు తాజాదనాన్ని కూడా రాయండి. చిన్న త్రాసు ఒకటి తీసుకెళ్ళి ఆ పది రూపాయల పప్పు పొట్లాన్ని తూచి, కిలోకు ఎంత పడుతోందో లెక్కకట్టండి. పేదవారు కొనే ధర బోర్డు మీద ఉండదు, ఆ పొట్లంలో ఉంటుంది.

పోల్చి చూడటానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజువారీ పళ్ళెం మీకు అక్కరకు వస్తుంది. 2,000 కేలరీల పళ్ళెంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంట్లో పెద్దవారి లెక్కనే వేసుకుంటే కూరగాయలే రోజుకు 1.6 కిలోలు అవుతాయి. కిలో సగటున నలభై రూపాయలు అనుకున్నా రోజుకు 64 రూపాయలు, నెలకు రెండు వేలకు చేరువ. పాలు, పండ్లు, గుడ్లు ఇందులో లేవు. ఈ లెక్కను మీ కొట్టు ధరలతో వేసి మీ వరుసల్లోని ఒక ఇంటి నెల ఆదాయం పక్కన పెడితే, దూరం ఎంత పాత్ర వహిస్తోంది, డబ్బు ఎంత పాత్ర వహిస్తోంది అన్నది మీకే తెలుస్తుంది.

ఒక చిన్న మాట. రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలిపి ఇస్తూ వచ్చారు. అవి కడిగేటప్పుడు తేలడం చూసి ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. మీకు వచ్చే బియ్యంలో అవి ఉంటే, ఏరుతున్నారా అన్న ప్రశ్న ఒకటి మీ పట్టికలో చేర్చండి. ఖర్చు లేకుండా సరిదిద్దగలిగే విషయం ఇదొక్కటే కావచ్చు.

సమాధానం: తోపుడుబండి

మాది రెండు తరాలుగా కూరగాయలు అమ్ముకునే కుటుంబం. పైన చెప్పిన కొలతల గురించి నాకు తెలియదు కానీ, మీ కొండ మీదికి కూరగాయ ఎందుకు ఎక్కదన్నది మా వైపు నుంచి చెప్పగలను.

బండివాడు తెల్లవారకముందే మార్కెట్టుకు వెళ్ళి బస్తాల లెక్కన సరుకు ఎత్తుతాడు. చేతిలో డబ్బు లేకపోతే రోజువారీ ఫైనాన్సు మీద తెస్తాడు, పొద్దున తొమ్మిది వందలు ఇచ్చి సాయంత్రం వెయ్యి పుచ్చుకునే పద్ధతి ఇంకా ఉంది. ఆ రోజు సరుకు ఆ రోజే డబ్బు కావాలి కాబట్టి ఎక్కువ ఇళ్ళు, పొద్దునే కొనే ఇళ్ళు ఉన్న వీధికే బండి తిరుగుతుంది. మీ కొండ మీది ఆడవాళ్ళు ఆ వేళకు ఇళ్ళలో ఉండరు, మొగల్రాజపురంలోనో లబ్బీపేటలోనో ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతుంటారు. ఆకుకూరైతే ఎండెక్కేసరికి వాడిపోతుంది. పొద్దున పది రూపాయలకు పోయే తోటకూర కట్టను మధ్యాహ్నం ఊరికే ఇస్తానన్నా చూసేవారుండరు. గంపలో ఆకుకూర తెచ్చే ఆమె మొదటి మలుపు దగ్గరే ఆగిపోవడానికి మెట్లు ఒక కారణం. పైకెక్కి అమ్ముడుపోకపోతే మళ్ళీ దించుకోవాలన్న భయం రెండోది.

కూలి చేతికొచ్చేది సాయంత్రం. అందుకే మీవాళ్ళు మార్కెట్టుకు వచ్చేది రాత్రి ఏడు దాటాక. ఆ వేళకు మేము మిగిలినది కుప్పలు పోసి అమ్ముతాము, కుప్ప ఇరవై రూపాయలు అంటే త్రాసు కూడా తీయం. అందులో సగం బాగుంటుంది, సగం ఆ రాత్రే వండుకోవాలి. ఫ్రిజ్జు లేని ఇంట్లో రేపటికి నిలవదు. ఈ బేరాన్ని తక్కువగా చూడకండి, మీ కొండ మీదికి చేరే కూరగాయల్లో పెద్ద వాటా ఈ కుప్పలదే అని నా నమ్మకం. సర్వేలో ‘కుప్ప కొంటారా’ అని అడగకుండా ‘కిలో ఎంతకు కొంటారు’ అని అడిగితే వారికి సమాధానం ఉండదు.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలైనప్పటి నుంచి మధ్యతరగతికి బాగా ఉపయోగపడ్డాయి, అందులో సందేహం లేదు. 2023 జూలైలో టమాటా ధర ఆకాశాన్నంటినప్పుడు ప్రభుత్వం అక్కడ కిలో యాభై రూపాయలకు అమ్మించింది. కానీ అక్కడ మంచి సరుకు పొద్దున్నే అయిపోతుంది, పొద్దున్నే వెళ్ళగలిగేవారికే అది లాభం. కొత్త రైతుబజారు కావాలంటే స్థలం కావాలి, దాన్ని నడిపే ఎస్టేట్ ఆఫీసరు కావాలి, మీ వినతిపత్రం ఏళ్ళ తరబడి బల్లల మీద తిరుగుతుంది.

నేనైతే అడిగేది ఇది. మెట్లు మొదలయ్యే చోట సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పది బండ్లు నిలబడేందుకు గీత గీసిన స్థలం, ఒక వీధి దీపం, ఒక కుళాయి, పోలీసులు తరమకుండా ఒక కాగితం. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలోనూ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది విక్రేతల ప్రతినిధులు, వారిలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఎక్కడ అమ్మవచ్చో తేల్చడంలో ఆ కమిటీ మాటకు విలువ ఉంది, మీ వినతిపత్రాన్ని కమిషనరుతోపాటు ఆ కమిటీకి కూడా ఇవ్వండి. పై వరుసల సంగతికి వస్తే, సంఘంలో ఒకామెకు రోజూ తెల్లవారి మార్కెట్టుకు వెళ్ళి పై కొట్లన్నిటికీ కలిపి సరుకు తెచ్చే పని అప్పగించండి. తడి గోనెపట్టాలో చుట్టిన ఆకుకూర సాయంత్రం దాకా నిలుస్తుంది. అమ్ముడుపోని ఆకుకూర నష్టాన్ని మొదటి నెల సమాఖ్య భరిస్తానంటే కొట్టువాళ్ళు ధైర్యం చేస్తారు. కొట్టువాడికి ఆకుకూర మీద కోపమేమీ లేదు, చిప్సు ప్యాకెట్టు ఆరు నెలలైనా చెడదు, అంతే.

ఇంకొకటి, సర్వేలు చేసేవారెవరూ పట్టించుకోనిది కర్రీ పాయింటు. అన్నం ఇంట్లో వండుకుని కూర పొట్లం కొనుక్కునే ఇళ్ళు మన ఊళ్ళో లెక్కలేనన్ని. గ్యాస్ ఖర్చు, కూరలు తరిగే సమయం, పప్పు ఉడికే సమయం అన్నీ అందులో కలిసొస్తాయి. పొద్దంతా నాలుగిళ్ళలో వంటపని చేసి వచ్చిన మనిషిని ఇంట్లో మళ్ళీ గోంగూర ఒలవమంటే ఎలా ఒలుస్తుంది? ఆ కర్రీ పాయింట్ల చేత రోజూ ఒక ఆకుకూర పప్పు చేయించగలిగితే పది రైతుబజార్ల కన్నా ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం.

సమాధానం: ఫిలడెల్ఫియా_తెలుగు

నేను అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రజారోగ్య రంగంలో పనిచేస్తున్నాను. మీ పరిస్థితికి ఇక్కడి పరిస్థితికి పోలిక తక్కువే. అయినా ‘కొత్త మార్కెట్టు పెడితే తిండి మారుతుందా’ అన్న ప్రశ్న మీద ఇక్కడ ఇరవై ఏళ్ళుగా డబ్బు ఖర్చు చేసి చూశారు కాబట్టి రాస్తున్నాను.

ఈ నగరంలో పేదవారుండే ప్రాంతాల్లో తాజా కూరగాయలమ్మే పెద్ద దుకాణాలు లేవని గుర్తించి, 2004లో పెన్సిల్వేనియా రాష్ట్రం అటువంటి చోట్ల దుకాణాలు తెరిచేవారికి రుణాలు, గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరువాత ఫిలడెల్ఫియాలోనే అలా కొత్త సూపర్ మార్కెట్టు వచ్చిన ఒక ప్రాంతాన్ని, రాని మరో ప్రాంతాన్ని పోల్చి చూసిన అధ్యయనం 2014లో ప్రచురితమైంది. దగ్గరలో మంచి సరుకు దొరుకుతోందని జనం గుర్తించారు. కానీ వారు తినే పండ్లు, కూరగాయల పరిమాణంలో గానీ, శరీర బరువులో గానీ చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. 2019లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం, పేదలకూ ధనికులకూ మధ్య ఆహార నాణ్యతలో ఉన్న తేడాలో దుకాణాల అందుబాటు వల్ల వచ్చేది సుమారు పదో వంతేనని తేల్చింది.

ఇందులోంచి ‘పేదలకు మంచి తిండి మీద ఇష్టం లేదు’ అన్న నిర్ణయానికి వచ్చేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, దాంతో నేను ఏకీభవించను. పైన తోపుడుబండి గారు చెప్పిన సమయం, ఇంధనం, రోజుకూలీ వంటివన్నీ ఆ తొమ్మిది వంతుల్లోనే దాగి ఉంటాయి. సరుకు దగ్గరికి తేవడంతోపాటు ధర తగ్గించిన పథకాల మీద నాకు నమ్మకం ఎక్కువ. డెట్రాయిట్‌లో 2009లో మొదలైన ఒక పథకంలో, ప్రభుత్వ ఆహార సహాయ కార్డు మీద రైతుల సంతలో ఒక డాలరు ఖర్చు చేస్తే, పండ్లు, కూరగాయలు కొనుక్కోవడానికి మరో డాలరు అదనంగా ఇస్తారు. అది తరువాత అనేక రాష్ట్రాలకు పాకింది. మీ సమాఖ్య దగ్గర పొదుపు సొమ్ము, అప్పుల వసూలు లెక్కలు ఎలాగూ ఉన్నాయి కదా. సంఘ సభ్యులకు నెలకు కొన్ని ఆకుకూర కూపన్లు ఇచ్చి, మెట్ల దగ్గరి బండ్లలో మాత్రమే చెల్లేలా చూస్తే, కొనేవారికీ అమ్మేవారికీ కూడా భరోసా ఉంటుంది.

సమాధానం: బడిగంట

నేను నగరంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. పిల్లల విషయం ఒక్కటి చెబుతాను. బడి భోజనంలో పిల్లలకు గుడ్డు, చిక్కీ అందుతున్నాయి. అంగన్‌వాడీలో గర్భిణులకు, చిన్నపిల్లలకు పాలు, గుడ్లు ఉన్నాయి. అయితే కొండ మీది కుటుంబాలు చాలావరకు పిల్లల్ని ఇంగ్లీషు మీడియం కోసమని తక్కువ ఫీజు తీసుకునే ప్రైవేటు బడుల్లో వేస్తున్నాయి. ఫీజు కట్టాక ఇంట్లో గుడ్డు కొనే స్తోమత తగ్గుతుంది, బడిలో ఉచితంగా వచ్చే గుడ్డు కూడా పోతుంది. మీ పట్టికలో పిల్లవాడు ఏ బడికి వెళుతున్నాడన్న గడి ఒకటి పెట్టండి.

అన్న క్యాంటీన్ల గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నాను. ఐదు రూపాయలకు పూట గడుస్తుంది. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచాక వన్‌టౌన్ హమాలీలకు, ఆటోవాళ్ళకు గొప్ప ఆసరాగా ఉన్నాయి. కానీ అక్కడికి వెళ్ళి తినగలిగేది పనిలో ఉన్న మగవారే, మెట్లెక్కి ఇంటికి వెళ్ళే ఇల్లాలికి, పిల్లలకు కాదు.

సమాధానం: జక్కంపూడి_బ్లాకు

కొండ మీది నుంచి ఊరి బయటి జక్కంపూడి కాలనీ బ్లాకులకు మారిన కుటుంబం మాది. మెట్ల బాధ తప్పిందని సంబరపడ్డాం గానీ, పనులన్నీ ఊళ్ళోనే, మార్కెట్టు ఊళ్ళోనే. మొదట్లో కూరగాయల కోసం ఆటో చార్జీ పెట్టుకోవడం కన్నా గేటు దగ్గరి బండి చెప్పిన ధరకే కొనడం నయమనిపించేది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక మా బ్లాకులో వారానికొకసారి ఇద్దరు ముగ్గురు కలిసి మార్కెట్టుకు వెళ్ళి, అందరికీ కలిపి బస్తాల లెక్కన తెచ్చి పంచుకుంటున్నారు. ఆకుకూర మాత్రం అలా కుదరదు. కాబట్టి ‘కొండ దిగితే అన్నీ సర్దుకుంటాయి’ అని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి.

కొండమెట్లు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. ఈ సమాధానాలను సమాఖ్యలో చదివి వినిపించాను. ఫ్రిజ్జు, కుప్పబేరం గురించి తోపుడుబండి గారు రాసినది వినగానే అక్కడున్నవారంతా నవ్వి, ‘ఈయన మనవాడే’ అన్నారు. రైతుబజారు వినతిపత్రాన్ని పక్కన పెట్టి, సాయంత్రం బండ్ల స్థలం, దీపం, కుళాయి అడగాలని నిర్ణయించాము. సరుకు మోసుకొచ్చే పనికి ఒకామె ముందుకు వచ్చారు. అయితే మెట్లెక్కినందుకు కిలోకు ఎంత ఇవ్వాలన్న దగ్గర కొట్టువాళ్ళకూ ఆమెకూ ఇంకా బేరం కుదరలేదు. కూపన్ల విషయంలో అభిప్రాయ భేదాలు ఉన్నాయి. సంఘంలో లేనివారికి అందదన్నది ఒక అభ్యంతరం, పొదుపు సొమ్మును ఇలా వాడవచ్చా అన్నది మరొకటి. దాన్ని ప్రస్తుతానికి వాయిదా వేశాము.

కర్రీ పాయింటు విషయంలో మాత్రం నాకు మనసొప్పడం లేదు. ఆ కూరల్లో తేలే నూనె చూస్తే, బీపీ, షుగరు ఉన్న ఇళ్ళకు వాటిని మనమే సిఫారసు చేసినట్టవుతుందేమోనని భయం. పోషణ గారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: పోషణ_గుంటూరు

మీ భయం సహేతుకమైనదే, కానీ మీరు సిఫారసు చేసినా చేయకపోయినా ఆ పొట్లం ఇంటికి వస్తూనే ఉంది. కాబట్టి దాన్ని కూడా కొలవండి. ల్యాబు పరీక్ష అవసరం లేదు. వండేవారిని ప్రేమగా అడిగితే రోజుకు ఎన్ని లీటర్ల నూనె వాడతారో, ఎన్ని పొట్లాలు అమ్ముతారో చెబుతారు. భాగిస్తే పొట్లానికి ఎన్ని గ్రాముల నూనె పడుతోందో సుమారుగా తెలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ పళ్ళెంలో రోజు మొత్తానికి మనిషికి నూనె 27 గ్రాములే. ఒక పొట్లాన్ని ఎంతమంది పంచుకుంటారో అడిగి, ఆ అంకె పక్కన పెట్టి చూడండి. ఉప్పు సంగతీ అలాగే తేలుతుంది.

వేపుళ్ళను తగ్గించమని వారిని అడిగితే వ్యాపారం పోతుందంటారు, ఆ వాదనలోకి దిగవద్దు. ఉన్న కూరలను అలాగే ఉండనిచ్చి, అదనంగా పాలకూర పప్పో తోటకూర పప్పో ఒక గిన్నె పెట్టమని, రోజుకు కనీసం ఇన్ని పొట్లాలు మీ సంఘ సభ్యులు కొంటారని హామీ ఇవ్వండి. పప్పు కూరకు పోపు నూనె తప్ప పెద్దగా పట్టదు. ఆహార వైవిధ్య లెక్కలో పప్పు, ఆకుకూర అనే రెండు వర్గాలు ఒకే పొట్లంతో ఇంటికి చేరతాయి. షుగరు ఉన్నవారికి కూర మార్చితే సరిపోదు, అన్నం పరిమాణం గురించి ఆరోగ్య కేంద్రంలో మాట్లాడించండి.

మోత కూలి బేరానికి ఒక సూచన. కిలో లెక్కన కాకుండా ఎక్కిన సారికి ఇంత అని మాట్లాడుకోండి. కిలో లెక్క పెడితే ఆమె బరువైన బంగాళాదుంపలే మోస్తుంది, తేలికైన ఆకుకూరను వదిలేస్తుంది.

సర్వే మొదలుపెట్టే ముందు ప్రశ్నల పట్టికను ఇక్కడ పెట్టండి. పొన్నగంటికూర, గంగపాయలకూర, మునగాకు వంటివి ఏ గడిలోకి వస్తాయో మీవైపు పేర్లతోనే రాసి పంపుతాను. మొదటి రోజు అడగడానికి వెళ్ళేవారు ఒకరి ఇంటి భోజనాన్ని మరొకరు రాసుకుని, ఇద్దరి టిక్కులూ సరిపోతున్నాయో లేదో చూసుకున్నాకే బయటి ఇళ్ళకు వెళ్ళమనండి.